పండిందా, పాలిపోయిందా, మాడిందా

మాస్టారు ఆటో దిగేసరికి ఆయన చేతుల్లో జీడిపప్పు అట్టపెట్టె ఒకటి ఉంది. పైన తడి తువ్వాలు కప్పి ఉంది. టెక్కలిలో బస్సెక్కి, కాశీబుగ్గలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో మా నర్సరీకి వచ్చేదాకా ఆ పెట్టెను ఒళ్లోంచి కింద పెట్టలేదట. తువ్వాలు తీసి చూపించారు. జానెడు ఎత్తు చెట్టు. మొదలు ఒక పక్కకు ఒరిగి, కొమ్మలు మూడు అంచెలుగా పరుచుకుని, నీలం పింగాణీ పళ్లెంలో కూర్చుని ఉంది. జూనిపర్ బోన్సాయ్. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు దీపావళికి వస్తూ తెచ్చాడట. ఇది 2024 సంక్రాంతి వెళ్లిన వారంలో మాట.

"చూడు బాబూ, నెల రోజుల్నుంచి పచ్చబడిపోతోంది. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను" అన్నారు.

మన భాషలో పచ్చ అనే మాట రెండు రంగులకు చెల్లుతుంది. చెట్టు పచ్చగా ఉందంటే సంతోషం, పచ్చబడిందంటే దిగులు. మా నాన్న తోటలో ఆ మాట వాడేవాడు కాదు. ఎవరైనా వచ్చి కొబ్బరాకు పచ్చబడిందని చెప్తే, "పండినాదా, పాలిపోనాదా, మాడినాదా? ముందది సెప్పు, తరవాత మందడుగు" అనేవాడు. ఈ పనిలో నాకు తెలిసిందంతా ఆ మూడు మాటల మీదే నిలబడి ఉంది. కొబ్బరికీ జీడికీ పనికొచ్చిన మాటలే చలిదేశపు జూనిపర్‌కూ పనికొచ్చాయి.

మాది ఉద్దానం ప్రాంతంలోని వజ్రపుకొత్తూరు మండలం. ఉద్యానవనం అనే మాటే వాడుకలో ఉద్దానం అయిందని పెద్దలు చెప్తారు. కొబ్బరి, జీడి, పనస, మధ్యలో మునగ, ఇసుక దారులు, వాటి చివర సముద్రం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మండలంలోనే, పల్లిసారథి దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. మా రెండెకరాల్లో నిలబడ్డవి పదకొండు. తెల్లారి తలుపు తీస్తే ఇంటి ముందు నుంచి నేరుగా ఆకాశం కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక అక్కడ ఆకాశం చూడటం అదే మొదలు. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు ఆరేడేళ్లు ఆగాలి. ఆ ఏళ్లు గడవాలి కదా అని హైవే పక్కన పదిహేను సెంట్లు కౌలుకు తీసుకుని నర్సరీ పెట్టాను. కొబ్బరి మొక్కలు, జీడి అంట్లు, పనస మొక్కలు, వాటి పక్కనే ఓ నాలుగు వరసల పూల కుండీలు.

పడిపోయిన చెట్ల గురించి అందరూ రాశారు. నిలబడిన చెట్ల గురించి ఎక్కువమంది రాయలేదు. ఆ పదకొండూ మరుసటి వేసవికల్లా రంగు మారాయి. ఊరంతా అదే పరిస్థితి. పైకి నిలబడ్డా, రాత్రంతా ఊగిన చెట్టుకు మట్టిలో వేళ్లు తెగిపోయి ఉంటాయి. అది కంటికి కనబడదు. జనం యూరియా తెచ్చి మొదట్లో పోశారు, మోటార్లు పెట్టి నీళ్లు పారించారు. నాన్న మాత్రం ఒక్కో చెట్టు కింద నిలబడి చాలాసేపు పైకి చూసేవాడు.

కొబ్బరి చెట్టు ఏడాదికి ఓ పన్నెండు మట్టలు వేస్తుంది, ఇంచుమించు అన్నే కింది నుంచి రాలుస్తుంది. అన్నిటికన్నా కిందున్న మట్ట పసుపెక్కి వేలాడితే అది పండటం. దానికి మందు లేదు, అక్కర్లేదు. కింది మట్టలు నాలుగైదు ఒకేసారి కళ తప్పి, ఎండ తగిలిన మేరకు పసుపు తేలి, పక్క మట్ట నీడ పడిన చోట మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది పాలిపోవటం. నేలలో మెగ్నీషియం చాలలేదన్నమాట. మా ఇసుక నేలల్లో అది మామూలే. ఆకు కొసల నుంచి గోధుమరంగు లోపలికి పాకుతూ వస్తే అది మాడటం. పొటాష్ లోపమో, నీటి ఎద్దడో, ఉప్పుగాలో చూసుకోవాలి. మూడూ దూరం నుంచి పచ్చబడినట్టే కనిపిస్తాయి. మూడింటికీ యూరియా పోస్తే మూడింట రెండు చెట్లకు మేలు జరగదు, ఒకదానికి కీడు జరుగుతుంది.

మూడు మాటలకూ లొంగనిది గానోడెర్మా తెగులు. అది మొదలు దగ్గర, మట్టిలో మొదలవుతుంది. వేళ్లు కుళ్లి, కాండం అడుగు భాగంలో చీలికల నుంచి ఎర్రటి బంక కారేసరికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది. అప్పటిదాకా తలలో పెద్ద మార్పు కనబడదు. ఆకు ఆఖరున చెప్తుంది. ఈ మాట నేను కొబ్బరి దగ్గర విన్నాను గానీ, దాని బరువు నాకు తెలిసింది జూనిపర్ దగ్గరే.

2019లో కడియం నర్సరీల నుంచి లారీలో మొక్కలు దింపుకున్నప్పుడు వాటితోపాటు మూడు జూనిపర్లు తెచ్చాను. పొట్టి చెట్లకు గిరాకీ ఉందని విన్నాను. వామనవృక్షాలని అడిగేవాళ్లు పలాసలో కూడా కనబడుతున్నారు. మూడింటినీ మా పద్ధతిలో మార్చి నాటాను. ఎర్రమన్ను, పశువుల గెత్తం, దండిగా కొబ్బరి పొట్టు. పీచు పరిశ్రమల పక్కన పొట్టు గుట్టలు పడి ఉండే ప్రాంతం మాది, చేతికందినదే వాడతాం. అది నీళ్లు పట్టుకుని వదలదు. కొబ్బరి మొక్కకు అది వరం. సరిగా కడగని పొట్టులో ఉప్పు కూడా ఉంటుంది. ఆ ఏడు వినాయక చవితికి మూడూ నిగనిగలాడుతున్నాయి. దసరాకి కాస్త కళ తప్పాయి. దీపావళి దాటాక పసుపు తేలాయి. దాహమేస్తోందేమోనని ఇంకా నీళ్లు పోశాను. కార్తీకంలో ఒకదాన్ని కుండీలోంచి లాగితే అడ్డం లేకుండా చేతిలోకి వచ్చేసింది. వేళ్లు నల్లగా, తడిసిన పీచులా ఉన్నాయి, మురుగు వాసన. అది ఏ వానలప్పుడో చచ్చిపోయింది. నేను రెండు నెలలుగా నీళ్లు పోస్తున్నది శవానికి.

జూనిపర్ సంగతి అది. వేరు చచ్చాక కూడా ఆకు వారాల తరబడి ఆకుపచ్చగానే ఉంటుంది. మందారం అయితే నీళ్లు అందని రోజు సాయంత్రానికి వాలిపోతుంది, నీళ్లు పోస్తే లేస్తుంది. మనం పెరిగింది మందారాలతో, తులసితో. మనిషికీ మొక్కకూ మధ్య అలాంటి మాటామంతీ ఉంటుందనుకుంటాం. సూదాకుల చెట్టుతో అది కుదరదు. అది రంగు మార్చేసరికి రెండు నెలల నాటి సంగతి చెప్తోందని గుర్తుపెట్టుకోవాలి. కాబట్టి ఈ వారం ఏం చేశామన్నది దాని దగ్గర లెక్కలోకి రాదు, సంక్రాంతికి రంగు మారితే కార్తీకంలో ఏం చేశామో వెతుక్కోవాలి.

మాస్టారి చెట్టును బల్ల మీద పెట్టి, ముందు కళ్లద్దాలు తుడుచుకున్నాను. కొమ్మల లోపలి వైపు, మొదలుకు దగ్గరగా, నీడలో ఉన్న సూదులు పసుపు, గోధుమ రంగుల్లో ఉన్నాయి. వేలితో తాకితే రాలాయి. అది పండటం. పైన దట్టంగా ఆకు పెరిగితే లోపలి పాత ఆకును చెట్టు తానే వదిలేస్తుంది. వాటిని వేళ్లతో ఏరేసి, లోపలికి గాలీ వెలుతురూ తగిలేలా చేస్తే చాలు. మాస్టారు ఎక్కువ భయపడింది దాన్ని చూసే. నేను భయపడింది వేరేదాన్ని చూసి. ఎడమవైపు కింది కొమ్మ మొత్తం, కొస దాకా, కళ లేకుండా బూడిదరంగు కలిసిన పాలిపోయిన ఆకుపచ్చలో ఉంది. ఆ కొమ్మను కొద్దిగా వంచాను. బతికున్న కొమ్మ రబ్బరులా వంగి తిరిగి వెళ్తుంది. ఇది మొరాయించింది. గోటితో బెరడు గీరితే కింద గోధుమరంగు కనిపించింది. పక్క కొమ్మను గీరితే లేతాకుపచ్చ, తడి. మాస్టారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. "ఇది పోయింది మాస్టారూ, మిగతావి ఉన్నాయి" అన్నాను. ఆయన తల ఊపారు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు మార్కులు వేసిన మనిషి, కొమ్మ లెక్క వెంటనే ఒప్పుకున్నారు.

తర్వాత చీపురు లోంచి కొబ్బరి ఈనె ఒకటి లాగి పళ్లెంలో గుచ్చబోయాను. దిగలేదు. పైన పరిచిన తెల్ల గులకరాళ్లు కదల్లేదు. జిగురుతో అంటించేశారు. అమ్మేవాళ్లలో కొందరు ఇలా చేస్తారు, రవాణాలో రాళ్లు ఒలికిపోకుండా, చూడ్డానికి అందంగా. పోసిన నీళ్లు ఆ అట్టు మీంచి అంచులకు జారి, అక్కడున్న సందుల్లోంచి దిగిపోతాయి. నడిమధ్యలో వేళ్లకు ఒకచోట తడి చేరదు, ఇంకోచోట చేరిన తడి ఆరదు. రోజూ నీళ్లు పోశానన్న మాస్టారి మాట నిజం. అవి చెట్టుకు చేరిన తీరు వేరు. స్క్రూడ్రైవరు పెట్టి ఆ అట్టును ముక్కలుముక్కలుగా లేపాను. అరగంట పట్టింది. కింద మెత్తటి నల్లమట్టి, పొట్టు. అడుగున కన్నం ఒకటే ఉంది, అదీ మట్టితో పూడిపోయింది.

"నీళ్ల వల్లేనా బాబూ?" అని అడిగారు మాస్టారు. ఉద్దానం గాలి సోకినవాళ్లు ఎవరైనా ఈ మాట అడక్క మానరు. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు తాకని వీధి ఉండదు. ఎందుకొస్తోందో తేల్చడానికి దేశవిదేశాల వాళ్లు వచ్చి నీళ్లూ మట్టీ పట్టుకెళ్లారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులైన్లు వేసి తాగునీళ్లు తెచ్చారు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టారు, రెండూ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అంచేత ఇక్కడ మనిషికి జ్వరమొచ్చినా, మొక్కకు తెగులొచ్చినా ముందు నీళ్లనే అనుమానిస్తాం. ఆ అనుమానాన్ని నేను ఎన్నడూ తేలిగ్గా తీసుకోను. బోరు నీళ్లు బిందెలో తెల్లగా పొర కడుతుంటే, ఆ సున్నమే కుండీలో కూడా పేరుకుంటుంది. అప్పుడు మట్టిలో ఇనుమున్నా వేరు దాన్ని అందుకోలేదు, లేత ఆకు పాలిపోతుంది. అలాంటి నీళ్లున్న ఇళ్లవాళ్లకు వాననీళ్లు డ్రమ్ములో పట్టుకోమని చెప్తాను. మాస్టారి చెట్టుకు మాత్రం కొసలు బాగానే ఉన్నాయి, దెబ్బ పాత ఆకు మీద, కింది కొమ్మ మీద ఉంది. ఇక్కడ తప్పు నీళ్లది కాదు, నీళ్లు నిలిచిపోయిన మట్టిది.

జూనిపర్‌కు మట్టి మార్చాలంటే మా వైపు ఆ రెండు నెలలే అదను. ధనుర్మాసం నుంచి మాఘం మధ్య దాకా. వేసవిలో వేరు కదిపితే తట్టుకోదు, వానల్లో కదిపితే గాయం ఆరదు. మాస్టారు రావలసిన రోజుల్లోనే వచ్చారు. చెట్టును పళ్లెంలోంచి తీసి, వెదురు పుల్లతో అంచుల నుంచి మట్టి రాల్చాను. నల్లబడిన వేళ్లు కత్తిరించాను. తెల్లగా, లేత గోధుమరంగులో ఉన్నవాటి జోలికి పోలేదు. మొదలు కింద పిడికెడు పాతమట్టిలో సాలెగూడులాంటి తెల్లటి దారాలు కనిపించాయి. "బూజు పట్టింది, కడిగెయ్" అన్నారు మాస్టారు. కడగలేదు. కనబడే ఆ దారాలు ఏవైనా, వేరుతో పొత్తు పెట్టుకుని బతికే శిలీంధ్రం ఆ పాతమట్టిలోనే ఉంటుంది. వేరు అందుకోలేని తడినీ పోషకాన్నీ అది అందుకుని వేరుకిస్తుంది, వేరు దానికి తిండి పెడుతుంది. సూదాకుల చెట్లకు అది పెద్ద ఆసరా. పాతమట్టి మొత్తం కడిగేసి నాటిన జూనిపర్లు కోలుకోవడం నేను చూడలేదు.

కొత్త మట్టి అని చెప్పాను గానీ అందులో మట్టి దాదాపు లేదు. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైటు క్వారీలున్నాయి. రాయి కొట్టే చోట మిగిలిన చిప్స్ తెప్పించుకుని జల్లెడ పట్టి, పెసరగింజ నుంచి శనగగింజ దాకా ఉన్న సైజు ఏరుకుంటాను. పొడి మొత్తం పారబోస్తాను. దానికి సమంగా నలగ్గొట్టిన పాత ఇటుక ముక్కలు. ఇటుక తడిని కొంచెం దాచుకుంటుంది, రాయి దారి ఇస్తుంది. బాగా చివికిన గెత్తం ఓ గుప్పెడు, మూడుసార్లు కడిగిన కొబ్బరి పొట్టు ఇంకో గుప్పెడు, అంతే. మా సముద్రపు ఇసుక ఎంత తెల్లగా ఉన్నా ముట్టను, ఉప్పు. కన్నాన్ని రెండు చేసి, పైన వల ముక్క పరిచి, చెట్టు కదలకుండా రాగితీగతో పళ్లానికి కట్టాను. తిత్లీ రాత్రి ఊగి వేళ్లు తెంచుకున్న కొబ్బరి చెట్లను చూసినవాణ్ణి కనక ఆ కట్టు దగ్గర నేను తొందరపడను. కొత్త వేరు పట్టేదాకా చెట్టు గాలికి కదలకూడదు.

ఎరువు అడిగారు. వద్దన్నాను. జబ్బుపడి లేస్తున్నవాడికి పెళ్లిభోజనం పెట్టం. కొత్త కొసలు లేతాకుపచ్చగా సాగడం కంటికి కనబడ్డాకే ఎరువు, అదీ పలచగా. నీళ్లు ఎప్పుడు పోయాలని అడిగారు. దానికి టైమ్‌టేబుల్ లేదు మాస్టారూ అని ఈనె ఇచ్చాను. పళ్లెం అంచుకూ మొదలుకూ మధ్య గుచ్చి, పది నిమిషాలుంచి తీసి, పెదవికి ఆనించి చూడాలి. చల్లగా తడి తగిలితే ఆ రోజు పోయకూడదు. పొడిగా ఉంటే అడుగు కన్నాల్లోంచి ధార కట్టేదాకా పోయాలి. గ్లాసుతో కొంచెం కొంచెం రోజూ పోయడం ఈ చెట్టుకు చేసే అన్యాయం.

చెట్టు ఇంట్లో ఎక్కడ పెట్టారని అడిగితే హాల్లో, టీవీ పక్కన, ఏసీ కింద అన్నారు. చలిదేశపు చెట్టని ఆయన ఆలోచన. ప్రేమతోనే పెట్టారు. కానీ జూనిపర్ ఆరుబయటి చెట్టు. టెక్కలి పక్కనే రావివలసలో ఎండల మల్లికార్జునుడున్నాడు. ఆ స్వామికి పైకప్పు లేదు, లింగం ఎండలో ఎండుతూ వానలో తడుస్తూ ఉంటుంది, కార్తీక మాసంలో ఊళ్లకు ఊళ్లు వెళ్తాయి. "మీ మల్లన్నకు ఉన్నట్టే దీనికీ కప్పు ఉండకూడదు మాస్టారూ" అన్నాను. ఆయనకు అది వెంటనే పట్టింది. ఒక్క తేడా చెప్పాను. స్వామిది కొండరాయి, దీనిది చారెడు పళ్లెం. వేసవిలో మధ్యాహ్నం ఆ పళ్లెం పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది, లోపల వేళ్లు ఉడుకుతాయి. పొద్దున పదకొండు దాకా నేరుగా ఎండ, తర్వాత షేడ్‌నెట్ కింద. డాబా గచ్చు మీద కాకుండా బల్ల మీద.

మార్చి ఆఖర్లో ఫోన్ చేశారు. మళ్లీ రంగు మారిందన్నారు. ఈసారి నేనే టెక్కలి వెళ్లాను. దూరం నుంచి చూస్తే చెట్టు మీద దుమ్ము పడినట్టుంది. దగ్గరికెళ్తే సూది సూది మీదా పసుపు చుక్కలు. మాస్టారి బల్ల మీద ఉన్న తెల్ల కాగితం తీసుకుని, కొమ్మ కింద పట్టి, రెండుసార్లు తట్టాను. మిరియప్పొడి రాలినట్టు చుక్కలు పడ్డాయి. "దుమ్మే కదా" అన్నారు. "ఒక్క నిమిషం చూడండి" అన్నాను. చుక్కల్లో ఒకటి కదిలింది. ఇంకొకటి కాగితం అంచుకు నడవసాగింది. వేలితో రాస్తే ఎర్రటి గీత పడింది. ఎర్రనల్లి. గాలి పొడిగా, వేడిగా ఉన్నప్పుడు విరగబడుతుంది, ఆకులో రసం పీలుస్తుంది. పండటం, పాలిపోవటం, మాడటం మూడూ చాలావరకు వేరు నుంచో వయసు నుంచో వస్తే, ఈ చుక్కల పసుపు పై నుంచి వస్తుంది. గొట్టం కొసను వేలితో నొక్కి, ఆకుల అడుగు వైపు నుంచి గట్టిగా నీళ్లు కొట్టించాను. రెండు రోజులకోసారి, మూడు వారాలు. సాయంత్రం పూట లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు కలిపి వారానికోసారి. పురుగుమందుల దుకాణంలో ఘాటైన మందులున్నాయి. జానెడు చెట్టుకు, ఇంటి డాబా మీద, మనవలు ఆడుకునే చోట, నేను వాటిని చెప్పను.

ఆ రోజు కాఫీ తాగుతూ మాస్టారు ఒక సంగతి చెప్పారు. ఆయన సోషల్ మాస్టారు. జపాన్‌లో యమకి అనే కుటుంబం దగ్గర, 1625 నుంచి పెంచుతూ వచ్చిన తెల్లపైన్ బోన్సాయ్ ఒకటి ఉండేదట. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు అది ఆ ఊళ్లోనే, రెండు మైళ్ల దూరంలో, పెరటి గోడ చాటున ఉంది. బతికింది. 1976లో ఆ కుటుంబం దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చింది. వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో ఉంది. బాంబు సంగతి ఇచ్చినప్పుడు చెప్పనే లేదు, 2001లో మనవలు చెట్టును చూసుకోవడానికి వచ్చినప్పుడు బయటపడింది. నాకు అందులో ఆశ్చర్యమనిపించింది బాంబు కాదు. 1625 నుంచి ప్రతిరోజూ ఎవరో ఒకరు దానికి నీళ్లు కావాలో వద్దో చూసి ఉంటారు. పళ్లెంలోని చెట్టుకు సొంతంగా బతికే వీల్లేదు. నేలలోని కొబ్బరి చెట్టు నా అశ్రద్ధను పదేళ్లు భరిస్తుంది. ఇది పది రోజులు భరించదు.

వానలు పడ్డాక కొత్త కొసలు కనిపించాయి. లేత రంగు, మెత్తటి స్పర్శ. చచ్చిన కింది కొమ్మను మాస్టారు కొట్టెయ్యనివ్వలేదు. జూనిపర్ పాత కట్టె నుంచి కొత్త చిగురు వెయ్యదు, ఆకు పోయిన కొమ్మ పోయినట్టేనని ముందే చెప్పాను. అయినా ఉండనీ అన్నారు. జపాన్‌వాళ్లు అలాంటి ఎండుకొమ్మకు బెరడు ఒలిచి, తెల్లగా ఉంచుతారు. జిన్ అంటారు. చలిగాలుల్లో కొండల మీద పెరిగే ముసలి జూనిపర్లకు అలాంటి తెల్లటి ఎండుకొమ్మలు సహజంగానే ఉంటాయి. బెరడు ఒలిచి అలాగే ఇచ్చాను. ఇప్పుడు చూసేవాళ్ల కన్ను ముందు దాని మీదికే వెళ్తుంది.

నర్సరీవాడిగా నేను నష్టపోయే మాట ఒకటి చెప్తాను. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో జూనిపర్ బోన్సాయ్ కొనొద్దు. ఉన్నవాళ్లు జాగ్రత్తగా కాపాడుకోండి, కొత్తగా మాత్రం కొనొద్దు. దానికి ఏటా చలికాలపు విశ్రాంతి కావాలి. మా పుష్యమాసపు చలి దానికి చాలదు. వేసవి రాత్రుళ్లు కూడా చల్లబడని చోట అది ఏడాదికేడాది కొంచెం కొంచెం నీరసిస్తుంది. సూదాకుల చెట్టే కావాలంటే మన సరుగుడు ఉంది. భావనపాడు నుంచి బారువ దాకా తీరం వెంట ఉప్పుగాలిని, ఇసుకను, తుఫానును ఆపుతున్నది అదే. కత్తిరిస్తే మళ్లీ చిగురు వేస్తుంది, తీగ చుడితే చెప్పిన మాట వింటుంది. తైవాన్, ఇండోనేషియాల్లో దాన్ని గొప్ప బోన్సాయ్ చెట్టుగా చూస్తారు. మన దగ్గర పందిరి గుంజకూ పొయ్యికీ తప్ప ఎవరూ చూడరు. సరుగుడు కాకపోతే రావి, జువ్వి, చింత. పాత గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కను తెచ్చి పళ్లెంలో పెట్టండి, మీ అశ్రద్ధను కొంత క్షమిస్తుంది. నర్సరీలో నేను నాలుగు సరుగుడు చెట్లను ఐదేళ్లుగా పెంచుతున్నాను. వాటిలో ఒకటి మాస్టారి డాబా మీద జూనిపర్ పక్కకు చేరింది. పోయిన వేసవిలో జూనిపర్ షేడ్‌నెట్ కింద నీళ్లకు కనిపెట్టుకుని ఉంటే, అది పక్కనే నిండు ఎండలో పెరిగింది.

ఇప్పుడు రోజుకు రెండు మూడు ఫోటోలు వస్తాయి వాట్సాప్‌లో. పచ్చబడిన ఆకు దగ్గరగా తీసి, కింద ఒకటే ప్రశ్న, ఏం మందు కొట్టాలి అని. అలా పంపేవాళ్లందరికీ ఒక మనవి. ఆకు ఫోటో ఒకటి సరిపోదు. మొదలు దగ్గర మట్టి ఫోటో తీయండి. కుండీని పక్కకు ఒరిగించి అడుగు కన్నం ఫోటో తీయండి. కొబ్బరి ఈనె గుచ్చి పది నిమిషాలాగి తీసి, దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి ఇంకో ఫోటో తీయండి. నాలుగూ కలిపి పంపండి. అవి చూసేదాకా నీళ్లు పోయకండి.